అగాథా క్రిస్టీ, ఆమె రాత, ఆమె కుక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అగాథా క్రిస్టీ డిటెక్టివ్ నవలలు చదివేవాళ్లు నాతో మాట కలిపితే విషాల గురించి అడుగుతారు, ఆమె సృష్టించిన డిటెక్టివ్ ప్వారో మీసాల గురించి అడుగుతారు, ఆమె కనిపించకుండా పోయిన పదకొండు రోజుల గురించి తప్పకుండా అడుగుతారు. మధ్యలో నేను పీటర్ పేరు ఎత్తితే మాత్రం "పీటర్ ఎవరండీ?" అంటారు. పీటర్ ఆమె పెంచుకున్న కుక్క. ఆ పేరు తెలియకపోతే ఆమె రచనా జీవితం సగమే తెలిసినట్టు. అందుకే నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ వివరంగా జవాబులు రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. కుక్కల్ని నేను "వాడు" అనే రాశాను. మా ఇంట్లో పదమూడేళ్లు బతికిన కుక్కను మేమెవరం ఒక్క రోజు కూడా "అది" అనలేదు.

ఆమెకు కుక్కలంటే ఎప్పటి నుంచి ఇష్టం?

అయిదో ఏట నుంచి. క్రిస్టీ 1890 సెప్టెంబరు 15న ఇంగ్లండ్‌లో, డెవన్ ప్రాంతంలోని టార్కీ అనే సముద్రతీర పట్టణంలో పుట్టారు. ఇంటి పేరు యాష్‌ఫీల్డ్. అన్నయ్య, అక్కయ్య ఆమె కంటే బాగా పెద్దవాళ్లు. బడికి పంపలేదు. తోడు లేని పిల్ల కావడంతో ఊహల్లోనే స్నేహితుల్ని తయారుచేసుకుని వాళ్లతో ఆడుకునేది.

అయిదో పుట్టినరోజుకు నాన్న ఆమె చేతిలో నాలుగు నెలల యార్క్‌షైర్ టెరియర్ జాతి కుక్కపిల్లను పెట్టారు. అగాథా ఎగిరి గంతేయలేదు, థాంక్స్ చెప్పలేదు, నోట మాటే రాలేదు. తిన్నగా మరుగుదొడ్డిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఎవరూ వెంటపడని చోటు అదొక్కటే అని ఆత్మకథలో రాశారు. అక్కడ చెక్క మూత మీద కూర్చుని, గోడకున్న టార్కీ మ్యాపు వైపు చూపు నిలిపి, నాకో కుక్క ఉంది, నా సొంత కుక్క అని తనకు తాను చెప్పుకుంటూ ఉండిపోయింది. బయట నాన్న చిన్నబుచ్చుకున్నారు. పిల్లకు నచ్చలేదేమో అనుకున్నారు. అమ్మకు మాత్రం అర్థమైంది. దానికింకా ఆ సంగతి మనసుకు ఎక్కలేదు, కాస్త ఆగండి అన్నట్టుగా సర్దిచెప్పింది.

కుక్కపిల్ల ఈలోగా తోటలోకి నడిచి, ముసురుమొహం తోటమాలి దగ్గర చేరింది. వాణ్ని పెంచినవాడూ తోటపని చేసేవాడే. మట్టిలో పార దిగుతుంటే చూసి, ఇది మనకు తెలిసిన చోటే అనుకుని కూర్చున్నాడట. ఆ పిల్ల వాణ్ని అక్కడే వెతికి పట్టుకుంది. మొదట ఇద్దరికీ సిగ్గే. వారం తిరిగేసరికి ఒకరినొకరు వదల్లేదు.

నాన్న అమెరికన్, పెట్టిన పేరు జార్జ్ వాషింగ్టన్. పిల్ల దాన్ని టోనీ అని కుదించింది. టోనీకి రిబ్బన్లు కట్టేది, వాడు కట్టించుకునేవాడు, ఆ తరవాత వాటినే నమిలేవాడు. నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇంకొకటి. తన పిచ్చుకను, తనను పాత్రలుగా పెట్టుకుని మనసులో ఒక రహస్య కథ అల్లుకుంటూ ఉండేది ఆ పిల్ల. పిచ్చుకంటే మన ఊరపిచ్చుక కాదు, పంజరంలో పెంచే పసుపు రంగు కెనరీ. ఆ కథలోకి ఇప్పుడు "లార్డ్ టోనీ" కూడా వచ్చి చేరాడు. ఆమె కథల్లో కుక్క అడుగుపెట్టింది అప్పుడే, ఇంకా ఒక్క అక్షరం అచ్చుకాకముందే.

డిటెక్టివ్ నవలలు రాయాలని ఎలా అనిపించింది?

అక్కతో పంతం. డిటెక్టివ్ కథ రాయడం నీ వల్ల కాదని అక్క మ్యాడ్జ్ అన్నారు. ఆ మాట ఈమెకు గుచ్చుకుని మనసులో ఉండిపోయింది.

తరవాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. టార్కీలోని రెడ్‌క్రాస్ ఆస్పత్రిలో ముందు నర్సుగా చేశారు, ఆ తరవాత మందుల గదికి మారారు. మన భాషలో చెప్పాలంటే కాంపౌండర్ పని. చుట్టూ అరల నిండా విష పదార్థాలు, చేతికి ఒక్కోసారి గంటల తరబడి పని ఉండేది కాదు. హత్య అంటే విషంతోనే అని అక్కడే తేలిపోయింది. బెల్జియం నుంచి శరణార్థులు ఊళ్లోకి వచ్చి ఉన్నారు కాబట్టి డిటెక్టివ్ ప్వారో బెల్జియం మనిషి అయ్యాడు. రాత సగంలో ఆగిపోతే, అమ్మ సలహా మీద డార్ట్‌మూర్ కొండల్లో ఒక హోటల్‌కి రెండు వారాలు వెళ్లి పూర్తి చేశారు. మధ్యాహ్నం వరకు రాయడం, ఆ పైన కొండ మైదానంలో ఒంటరిగా నడుస్తూ రేపు రాయబోయే సంభాషణలు పైకి చెప్పుకోవడం.

చాలామంది ప్రచురణకర్తలు తిప్పి పంపారు. చివరికి "ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్" 1920లో అమెరికాలో, మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో వచ్చింది. ఆమె చేతికి అందింది 25 పౌండ్లు. ఆమెను బాగా సంతోషపెట్టిన సమీక్ష మందుల షాపులవాళ్లు చదివే పత్రికలో వచ్చింది. ఇందులో విషం గురించి సరిగ్గా రాశారు అని దాని సారాంశం. పని తెలిసినవాళ్లు మెచ్చుకుంటే కలిగే తృప్తి వేరు.

పీటర్ ఎవరు?

గరుకు బొచ్చు టెరియర్. 1920ల మధ్యలో ఆ ఇంటికి వచ్చాడు. అప్పటికి క్రిస్టీకి పెళ్లయి, రోజలిండ్ అనే కూతురుంది. భర్త ఆర్చిబాల్డ్ క్రిస్టీ, యుద్ధంలో పనిచేసిన అధికారి. పిల్లను చూసుకోవడానికి, రాతకోతల్లో సాయానికి షార్లెట్ ఫిషర్ అనే స్కాట్లండ్ యువతిని పెట్టుకున్నారు. ఇంట్లో ఆమెను కార్లో అని పిలిచేవారు. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి: కార్లో, పీటర్. ముందు ముందు ఇవి జంటగానే వస్తాయి.

1926లో ఆమె పదకొండు రోజులు ఎందుకు మాయమయ్యారు?

తెలిసినంత చెబుతాను. ఆ ఏడాది ఏప్రిల్‌లో అమ్మ పోయారు. యాష్‌ఫీల్డ్ ఇల్లు ఖాళీ చేసే పని ఈమె మీద పడింది. గది గదిలో పేరుకున్న సామాన్ల మధ్య, సరిగ్గా తిండి నిద్ర లేకుండా వారాలు గడిచాయి. పక్కన భర్త లేరు. ఆ తరవాత ఆయన వచ్చి, వేరొక యువతిని ప్రేమిస్తున్నాను, విడాకులు కావాలి అన్నారు. డిసెంబరు 3 రాత్రి ఆమె కారులో ఇల్లు వదిలి వెళ్లారు. కారు సర్రీలోని న్యూలాండ్స్ కార్నర్ దగ్గర దొరికింది. పోలీసులు, జనం కొండలూ చెరువులూ గాలించారు. 14వ తేదీన ఉత్తరాన హారోగేట్‌లోని ఒక హోటల్‌లో వేరే పేరుతో ఉన్న ఆమెను గుర్తుపట్టారు. ఆ పేరులోని ఇంటిపేరు, భర్త ప్రేమించిన యువతిదే.

జ్ఞాపకం పోయిందని వైద్యులు చెప్పారు. పబ్లిసిటీ కోసమని పత్రికలు రాశాయి. ఆత్మకథలో ఆమె ఆ పదకొండు రోజుల ఊసే ఎత్తలేదు. ఎత్తకపోవడం ఆమె హక్కు. తల్లి పోయి, కాపురం కూలిన మనిషి బాధను మనం పజిల్‌లాగా విప్పుతూ కూర్చోవడం నాకు నచ్చదు. నాకు ఆసక్తి ఆ తరవాత జరిగిన దాని మీదే.

"విశ్వాసం గల కుక్కల సంఘం" అంటే ఏమిటి?

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న.

ఆ గొడవ తరవాత ఎవరు తన వాళ్లో ఎవరు కాదో క్రిస్టీకి తెలిసొచ్చింది. అంతకుముందు ఇంటికి వచ్చిపోయేవాళ్లలో కొందరు మొహం చాటేశారు. అనుకోనివాళ్లు కొందరు దగ్గరికొచ్చి నిలబడ్డారు. అప్పుడు ఆమె, కార్లో కూర్చుని తెలిసినవాళ్లందరినీ రెండు జట్లుగా విడదీశారు. కష్టంలో నిలిచినవాళ్లు "విశ్వాసం గల కుక్కలు". జారుకున్నవాళ్లు "ఎలుకలు". మొదటి జట్టుకు ఇంగ్లిషు పొడి అక్షరాల్లో ఓ.ఎఫ్.డి. అని పేరు.

ఇంగ్లిషువాళ్లకు ఇది ఇద్దరాడవాళ్ల సరదా మాటలా అనిపించవచ్చు. తెలుగువాళ్లకు వేరేగా వినిపిస్తుంది. మనకు విశ్వాసం అనగానే మొదట గుర్తొచ్చేది కుక్కే. "కుక్కకున్న విశ్వాసం కూడా లేదు" అని మన అమ్మమ్మలు అన్నప్పుడు, అది ఎదుటి మనిషికి పడే చివరి మార్కు. ఆ మాటను తిరగేసి, నిలిచిన మనుషులకు కుక్క అనే బిరుదు ఇచ్చారు క్రిస్టీ. బాధలో ఉన్న మనిషి అంత సూటిగా ఆలోచించగలగడం చూస్తే ఆమె మీద గౌరవం పెరుగుతుంది.

ఇష్టం లేకుండా రాసిన నవల ఉందంటారు. ఏది?

"ది మిస్టరీ ఆఫ్ ది బ్లూ ట్రైన్", 1928. భర్త నుంచి విడిపోయారు, డబ్బు కావాలి, ప్రచురణకర్తకు పుస్తకం బాకీ ఉంది. 1927 మొదట్లో రోజలిండ్‌ను, కార్లోను వెంటబెట్టుకుని కెనరీ దీవులకు వెళ్లి, నవలను కార్లోకు డిక్టేట్ చేయడం మొదలుపెట్టారు. మాట సాగదు. కథ మీద మనసు లేదు. పక్కన రోజలిండ్ వచ్చి నిలబడుతుంది. నేను అడ్డం రాను, ఊరికే ఇక్కడ నిలుచుంటాను అంటుంది. పిల్లలున్న ఇంట్లో రాసుకునే తల్లులందరికీ తెలిసిన మాటే అది.

ఆ నవల తనకెప్పుడూ నచ్చలేదని క్రిస్టీ జీవితాంతం చెప్పారు. కానీ ఔత్సాహికురాలి నుంచి వృత్తి రచయిత్రిగా తాను మారింది ఆ నవల దగ్గరేనని కూడా ఆమే చెప్పారు. రాయాలని లేకపోయినా, రాస్తున్నది నచ్చకపోయినా, బాగా రావడం లేదని తెలుస్తున్నా రాయడమే వృత్తి అని ఆమె లెక్క. రాయాలనుకునేవాళ్లు ఎవరైనా నన్ను సలహా అడిగితే నేను ఇదొక్కటే చెబుతాను.

ఇప్పుడు ఆ పుస్తకం తెరిచి అంకితం చూడండి. ఓ.ఎఫ్.డి. సంఘంలో ఇద్దరు విశిష్ట సభ్యులకు, కార్లోటాకు (అంటే మన కార్లోకే), పీటర్‌కు అని ఉంటుంది. కథ ఆమెకు నచ్చలేదు సరే, అంకితం మాత్రం మనసు పెట్టి రాసిందే. మొదటిసారి చదివినప్పుడు ఎవరీ ఇద్దరు అనుకుని పేజీ తిప్పేశాను. సంగతి తెలిశాక అట్టతో సమానంగా ఆ పేజీని చూసుకుంటాను.

రాసుకోవడానికి ప్రత్యేకంగా గది ఉండేదా?

చాలా ఏళ్లు లేదు. టైపురైటర్, కదలని బల్ల ఉంటే చాలు అనేవారు. పడకగదిలో మొహం కడుక్కునే పాలరాయి బల్ల మీద, రెండు భోజనాల మధ్య డైనింగ్ టేబుల్ మీద రాశారు. మీరు రాసే చోట ఫొటో తీసుకుంటామని విలేకరులు అడిగితే ఏం చూపించాలో తెలిసేది కాదు. తనకంటూ కట్టించుకున్న గది ఒకటి ఇరాక్‌లో ఉండేది. 1930లో పురావస్తు శాస్త్రవేత్త మ్యాక్స్ మల్లోవన్‌ను పెళ్లాడాక ఏటా తవ్వకాలకు ఆయనతో వెళ్లేవారు. నిమ్రుద్‌లో తవ్వకాల బృందం ఇంటికి ఆనుకుని 50 పౌండ్లతో మట్టి ఇటుకల గది ఒకటి వేసుకున్నారు. తలుపు మీద "బేత్ అగాథా" అని రాసి ఉండేది, అంటే అగాథా ఇల్లు. ఆత్మకథ మొదలుపెట్టింది అక్కడే, 1950 ఏప్రిల్‌లో. ముగించడానికి పదిహేనేళ్లు పట్టింది.

ప్లాట్లు ఎలా తట్టేవి?

రోడ్డు మీద నడుస్తుంటే, టోపీల షాపులో నిలబడితే తట్టేవని ఆమే రాశారు. తట్టగానే చేతికి దొరికిన నోట్‌బుక్‌లో గీకేసేవారు. అలాంటివి 73 మిగిలాయి. ఒక పేజీలో హంతకుడు ఎవరైతే బాగుంటుందో లెక్కలు, పక్క పేజీలో కొనాల్సిన సామాన్లు.

కుక్క ముఖ్యపాత్రగా ఉన్న నవల ఏది? కథ చెప్పేయకుండా చెప్పండి.

"డంబ్ విట్‌నెస్", 1937. తెలుగులో "మూగ సాక్షి" అనొచ్చు. మూగజీవి అనే మాట మనకు ఎలాగూ ఉంది.

మిస్ ఎమిలీ అరండెల్ డబ్బున్న పెద్దావిడ, పెళ్లి చేసుకోలేదు. ఈస్టర్ సెలవులకు చుట్టాలు దిగుతారు, అందరి చూపూ ఆమె ఆస్తి మీదే. ఒక రాత్రి ఆమె మెట్ల మీద నుంచి పడిపోతుంది. మెట్ల దగ్గర బాబ్ బంతి కనిపిస్తుంది. బాబ్ ఆమె టెరియర్. బంతిని పై మెట్టు దగ్గర వదిలి కిందికి దొర్లించడం వాడి ఆట. ఇంకేముంది, కుక్క బంతి మీద కాలేసి జారిపడింది అని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు. మంచాన పడ్డ ఆమెకు అనుమానం మొదలై ప్వారోకు ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం ఆయనకు రెండు నెలలు ఆలస్యంగా చేరుతుంది. అప్పటికే ఆమె చనిపోయింది.

ఇక్కడ నుంచి నేను చెప్పను. బాబ్ ఆ రాత్రి ఎక్కడున్నాడో మాత్రం జాగ్రత్తగా చదవండి.

ఈ నవలను నేను నాలుగుసార్లు చదివాను. బాబ్ మొరిగినప్పుడల్లా కథ చెప్పే హేస్టింగ్స్ దానికి అర్థం చెబుతుంటాడు, ఎవడ్రా గేటు దగ్గర, లోపలికొస్తే నీ పని చెబుతా అన్న ధోరణిలో. కుక్కతో బతికినవాళ్లకే ఆ మాటలు అంత సరిగ్గా పడతాయి. పోస్ట్‌మాన్‌ను చూస్తే కుక్కలకు కోపమెందుకో ప్వారో చెప్పే చోటు మరీ బాగుంటుంది. రోజుకు రెండు మూడుసార్లు ఒక మనిషి వచ్చి తలుపు కొడతాడు, ఒక్కసారైనా అతణ్ని లోపలికి రానివ్వరు. అంటే ఇంట్లోవాళ్లకు గిట్టనివాడన్నమాట, అలాంటివాణ్ని తరమడం కుక్క బాధ్యత కాదా? తర్కంలో ఒక్క లోపం లేదు. ప్వారో కుక్కను చూసి నవ్వడు, సాటి డిటెక్టివ్‌లా లెక్కిస్తాడు.

నన్ను ఆ నవలలో పట్టుకునేది నింద. నోరులేని వాడి మీద తప్పు మోపడం ఎంత సులువో అందులో కనిపిస్తుంది. మన భారతం మొదట్లోనే సరమ కథ ఉంది. ఏ తప్పూ చేయని కుక్కపిల్ల సారమేయుణ్ని జనమేజయుడి తమ్ముళ్లు కొడతారు. వాడి తల్లి సరమ రాజు ముందుకే వచ్చి, ఇది తగునా అని నిలదీస్తుంది. బాబ్‌కు సరమ లేదు. వాడి తరఫున మాట్లాడే పని ప్వారో మీద పడింది.

అంకితం మళ్లీ పీటర్‌కే, ఈసారి ఒక్కడికే. నమ్మకంలో అందరికన్నా మిన్న అయిన నేస్తం, ప్రియమైన తోడు, వెయ్యిలో ఒక్కడు అని. ఇదే ఇతివృత్తంతో ఆమె ముందు ఒక చిన్న కథ రాసి పక్కన పెట్టారు. దాన్ని నోట్‌బుక్‌ల మీద పనిచేసిన జాన్ కర్రన్ 2009లో వెలుగులోకి తెచ్చారు.

పీటర్ మీద అంత ప్రేమను రెండో భర్త అర్థం చేసుకున్నారా?

చేసుకోవాలని ఆమే చెప్పారు. పెళ్లి నాటి రోజుల్లో మ్యాక్స్‌కు రాసిన ఉత్తరంలో, చాలా చెడ్డ కాలంలో పట్టుకోవడానికి ఒక కుక్క తప్ప ఏదీ లేని స్థితి మీకు తెలియదు అన్న అర్థం వచ్చేలా రాశారు. అంతకుమించి నేను కలపడానికి ఏమీ లేదు.

యుద్ధంలో కుక్కను ఆస్పత్రికి తీసుకెళ్లారన్నది నిజమేనా?

నిజమే. రెండో ప్రపంచ యుద్ధంలో క్రిస్టీ లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ హాస్పిటల్‌లో మళ్లీ మందులు కలిపే పనికి చేరారు. అప్పటికి పేరున్న రచయిత్రి, వయసు యాభై దాటింది. కార్లో యుద్ధ సామగ్రి ఫ్యాక్టరీలో పనికి వెళ్లడంతో ఆమె కుక్క జేమ్స్‌ను చూసుకునేవాళ్లు లేకపోయారు. తెల్లటి సీలియమ్ టెరియర్ వాడు. ఆస్పత్రివాళ్లు దయతో ఒప్పుకున్నారు. జేమ్స్ మందు సీసాల అరల కింద పొడవుగా పడుకుని, గది ఊడ్చే ఆమె ముద్దు చేస్తే చేయించుకుంటూ బుద్ధిగా ఉండేవాడట. బయట బాంబులు, లోపల విషాల సీసాలు, కింద కుక్క. ఆ రోజుల్లోనే రెండు నవలలు రాసి, తాను లేకపోయినా కుటుంబానికి ఆధారంగా ఉంటాయని దాచిపెట్టారు. అవి బయటికొచ్చింది 1975, 1976లో.

కుక్కలున్న ఇతర కథలు చెప్పండి.

"నెక్స్ట్ టు ఎ డాగ్" చిన్న కథ, 1929 నాటిది. హత్య లేదు, డిటెక్టివ్ లేడు. జాయిస్ అనే పేద వితంతువు, పోయిన భర్త ఇచ్చిన ముసలి కుక్క టెరీ. వాడికి చూపు ఆనదు. కుక్కను తెచ్చుకోవద్దంటే ఉద్యోగం వదులుకుంటుంది, కుక్కను పోషించడానికి ఇష్టం లేని పెళ్లికి కూడా సిద్ధపడుతుంది. 1927, 28లలో క్రిస్టీ పడ్డది తెలిసి చదివితే ఈ కథ గొంతుకు అడ్డం పడుతుంది.

1947 నాటి "ది లేబర్స్ ఆఫ్ హెర్క్యులిస్"లో మొదటి కథ పెకినీస్ కుక్కల కిడ్నాప్ గురించి, చివరి కథలో ఒక నైట్‌క్లబ్ వాకిట్లో భయంకరమైన పెద్ద కుక్క ఉంటుంది. "ది హౌండ్ ఆఫ్ డెత్" పేరు చూసి కొనకండి, అందులో నిజం కుక్క లేదు.

ఆమె చివరగా రాసిన నవల "పోస్టర్న్ ఆఫ్ ఫేట్", 1973. అప్పటికి వయసు 83. నిజం చెప్పాలంటే కథలో పట్టు లేదు, మాటలు తిరిగి తిరిగి వస్తాయి. కానీ హనిబాల్ అనే మాంచెస్టర్ టెరియర్ వచ్చినప్పుడల్లా పేజీకి ప్రాణం వస్తుంది. క్రిస్టీ ఇంట్లో ఉన్న బింగో అనే కుక్కే వాడికి మూలం. అంకితం హనిబాల్‌కూ, వాడి యజమానికీ.

మొదటిసారి చదివేవాళ్లు ఏ వరుసలో చదవాలి?

మొత్తం 66 డిటెక్టివ్ నవలలు ఉన్నాయి కాబట్టి టెన్షన్ పడకండి, నాలుగు చాలు. ముందు 1926లో వచ్చిన "ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్". పనితనం ఏమిటో తెలుస్తుంది. ఎవరూ ముగింపు చెప్పకముందే చదవాలి. తరవాత "డంబ్ విట్‌నెస్". ఆ తరవాత ఆత్మకథ, కనీసం చిన్ననాటి భాగం. అది చదివాక "నెక్స్ట్ టు ఎ డాగ్". ఇంట్లో కుక్క ఉంటే ఆ కథను మాత్రం రాత్రి పూట, వాడు పక్కన పడుకున్నాక చదవండి.